నగర కాలుష్యం – బాలల మనస్సు

కాలుష్యం అనగానే మనకు దగ్గు, ఉబ్బసం, కళ్ళమంట గుర్తుకు వస్తాయి. ఊపిరితిత్తులను పాడుచేసే గాలి మనస్సునూ బాధిస్తుందని, చెవులను హోరెత్తించే రొద చదువునూ చెరుపుతుందని సాధారణంగా తోచదు. అందువల్లనే తరగతిలో కుదురుగా కూర్చోలేని బాలుణ్ణి అల్లరివాడని, చదివినది మరచిపోయే బాలికను మందమతి అని తేలికగా అనేస్తూ ఉంటాము. ఆ లోపం బిడ్డలో ఉన్నదా, బిడ్డ పెరుగుతున్న పరిసరాలలో ఉన్నదా అని విచారించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ముందుగా రొద సంగతి చూద్దాము. న్యూయార్కు నగరంలో ఒక ప్రాథమిక పాఠశాల పక్కనే, ఎత్తైన వంతెన మీదుగా రైలు మార్గం ఉన్నది. పాఠాలు జరిగే వేళ నాలుగైదు నిమిషాలకొక రైలు పోయేది. అది దాటిపోయేవరకు ఉపాధ్యాయులు బోధన ఆపవలసి వచ్చేది. ఆర్లీన్ బ్రాన్‌జాఫ్ట్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞురాలు మరొక పరిశోధకునితో కలిసి, రైలు వైపు గదులలోని పిల్లలను అవతలి వైపు గదులలోని పిల్లలతో పోల్చి, 1975లో ఫలితాలు ప్రకటించినారు. రైలు వైపు పిల్లలు చదవడంలో వెనుకబడినారు. ఆరవ తరగతికి వచ్చేసరికి ఆ వెనుకబాటు దాదాపు ఒక సంవత్సరమంత ఉన్నది. తరువాత పట్టాల కింద రబ్బరు దిమ్మెలు, గదుల పైకప్పులకు ధ్వనిని పీల్చుకొనే పలకలు అమర్చినారు. 1981లో ప్రకటించిన రెండవ పరిశోధనలో రెండు వైపుల పిల్లల మధ్య ఆ భేదం కనిపించలేదు. బడి అదే, రైలు మార్గం అదే. తగ్గినది రొద మాత్రమే.

ఇందుకు కారణం గ్రహించదగినది. మాటలో ఒక ముక్క వినబడకపోయినా పెద్దలు సందర్భాన్ని బట్టి పూరించుకుంటారు. భాష ఇంకా అలవడుతున్న పిల్లలకు ఆ నేర్పు తక్కువ. పైగా నిత్యం రొదలో ఉన్న బిడ్డ దానిని పట్టించుకోకపోవడానికి అలవాటుపడి, దానితోపాటు గురువు మాటను కూడా పట్టించుకోని స్థితికి వస్తాడు. రాత్రివేళ హారన్ల మోతతో నిద్ర చెడితే, మరునాడు చిరాకు, మతిమరపు తప్పవు.

ఇక రెండవది సీసం. శరీరం దానిని కాల్షియం వలె భ్రమించి లోనికి స్వీకరిస్తుంది. ఎముకలలో, దంతాలలో నిలువ చేస్తుంది. పెద్దల కంటే పిల్లల శరీరం నాలుగైదు రెట్లు అధికంగా దానిని గ్రహిస్తుంది. హెర్బర్ట్ నీడిల్‌మాన్ అనే వైద్యుడు అమెరికాలోని బోస్టన్ నగర సమీపాన పిల్లల ఊడిపోయిన పాలపళ్ళను సేకరించి, వాటిలోని సీసాన్ని కొలిచి, 1979లో ఫలితాలు వెల్లడించినాడు. సీసం ఎక్కువగా ఉన్న పిల్లలకు తెలివితేటల పరీక్షలలో తక్కువ మార్కులు వచ్చినాయి. ఏ పిల్లవానిలో ఎంత సీసం ఉన్నదో ఉపాధ్యాయులకు తెలియదు. అయినా నిలకడ లేదని వారు గుర్తించిన పిల్లలు సీసం పెరిగినకొద్దీ పెరిగినారు. మన దేశంలో 2000 సంవత్సరంలో సీసం కలిపిన పెట్రోలు నిలిచిపోయినది. అయినా పాత గోడల రంగులలో, సందుగొందులలో పాత బ్యాటరీలు పగులగొట్టి కరిగించే చోట్ల, కొన్ని రకాల సుర్మాలలో, కాటుకలలో అది ఇంకా మిగిలి ఉన్నది. ప్రేమతో బిడ్డ కంటికి పెట్టే వస్తువును గురించి కూడా ఒకసారి విచారించుకోవడం మంచిది.

మూడవది పొగ. బార్సిలోనా నగరంలోని 39 పాఠశాలల్లో 2,700 మందికి పైగా పిల్లలను ఒక సంవత్సరంపాటు పరిశీలించి, 2015లో ఒక నివేదిక ప్రకటించినారు. వాహనాల పొగ అధికంగా ఉన్న బడులలో పిల్లల జ్ఞాపకశక్తి ఎదుగుదల, పొగ తక్కువగా ఉన్న బడులలోకంటే నెమ్మదిగా సాగినది. పొగలోని అతి సూక్ష్మ కణాలు ఊపిరితిత్తులను దాటి రక్తంలో చేరగలవని, ఎదిగే మెదడులో వాపు కలిగించగలవని శాస్త్రజ్ఞులు భావిస్తున్నారు.

వీటన్నిటికీ తోడు ఆటస్థలాల కొరత. డెన్మార్కులో తొమ్మిది లక్షల మందికి పైగా ప్రజల వివరాలను పరిశీలించి 2019లో ప్రకటించిన ఫలితాల ప్రకారం, పచ్చదనం అతి తక్కువగా ఉన్న చోట పెరిగిన పిల్లలకు తరువాతి జీవితంలో మానసిక వ్యాధులు కలిగే అవకాశం, పచ్చదనం అతి ఎక్కువగా ఉన్న చోట పెరిగినవారికంటే 55 శాతం వరకు అధికం. మన హైదరాబాదునే తీసుకుందాము. బషీర్‌బాగ్, బాగ్‌లింగంపల్లి అని నేటికీ పిలుస్తున్నాము. ఉర్దూలో బాగ్ అంటే తోట. పేరులో నిలిచిన తోట నేల మీద ఎంత నిలిచినదో చూచినవారికి తెలుసు.

నగరాలన్నీ దుఃఖ నిలయాలని మేము చెప్పడం లేదు. విద్యాలయాలు, వైద్యశాలలు, ఉపాధి అక్కడే ఉన్నవి. చంచలుడైన ప్రతి బాలుడూ కాలుష్య బాధితుడే అని కూడా చెప్పడం లేదు. ఇంటి కలహాలు, పేదరికం, పోషకాహార లోపం కూడా పసి మనస్సును కుంగదీస్తాయి. అయితే రోడ్డు అంచున ఇరుకు గదిలో ఉండే పేద బిడ్డకు ఇవన్నీ ఒక్కసారే ఎదురవుతాయి. అట్టి బిడ్డను దండించడం వల్ల రొద తగ్గదు, ఒంటిలోని సీసం కరగదు. కారణాన్ని తొలగిస్తే ఫలితం కనిపిస్తుందని న్యూయార్కు పాఠశాల నిరూపించినది.

కనుక మన కళాశాల చేయగలిగినవి కొన్ని ఉన్నవి. 2000 సంవత్సరపు ధ్వని కాలుష్య నియమాల ప్రకారం విద్యాసంస్థల చుట్టూ 100 మీటర్ల పరిధిని ప్రభుత్వం నిశ్శబ్ద మండలంగా ప్రకటించవచ్చును. అందుకై కళాశాల కమిటీవారు అర్జీ పెట్టవలెనని మా మనవి. సాయంకాలం మన మైదానాన్ని ఇరుగుపొరుగు బస్తీల పిల్లలకు తెరవవచ్చును. విద్యార్థి మిత్రులు ప్రహరీ వెంట చెట్లు నాటి, వేసవిలో నీళ్ళు పోయవచ్చును. అనవసరంగా హారన్ మోగించడం మానుకోవచ్చును. మనలో చాలామంది రేపు ఉపాధ్యాయులు, తలిదండ్రులు కాబోతున్నారు. ఒక బిడ్డను మందమతి అనే ముందు, ఆ బిడ్డ కూర్చున్న గది కిటికీ ఎటువైపు తెరుచుకొని ఉన్నదో ఒక్కసారి చూడడం మనందరి బాధ్యత.