గోగునార, గోనె సంచి, పన్ను విధానం: నెల్లిమర్ల జనపనార పరిశ్రమ నేపథ్యంలో ఒక పరిశీలన

విజయనగరం జిల్లాలో చంపావతి నది ఒడ్డున, హౌరా – చెన్నై రైలుమార్గంపై ఉన్న నెల్లిమర్ల పట్టణం పేరు చెప్పగానే జనపనార మిల్లు గుర్తుకు వచ్చును. చుట్టుపక్కల మెట్ట భూములలో వర్షాధారంగా పండించిన గోగునార, మిల్లులో తయారైన గోనె సంచి, ఆ సంచిలో నింపిన బియ్యం ఒకే గొలుసులోని మూడు లంకెలు. ప్రభుత్వం పన్ను రేటును ఎక్కడ మార్చినను ఈ గొలుసు కదలును. అయితే భారం పడునది పన్ను చెల్లించిన లంకె మీదనే కానక్కరలేదు. చట్టం ప్రకారం పన్ను కట్టువాడు ఒకడు, దాని భారం మోయువాడు మరొకడు కావచ్చును. విస్తరణ శాస్త్రవేత్తలు పంటల లాభనష్టాలను లెక్కించునపుడు ఈ తేడాను సాధారణంగా పట్టించుకొనరు. అందుచేత నార విషయంలో ఆ కదలికను దశలవారీగా పరిశీలించుట ఈ వ్యాసం ఉద్దేశం.

గోగు మనకు కొత్త మొక్క కాదు. ఆకు కోసి పచ్చడి చేసుకొను గోంగూర, కాండం నుంచి నార తీయు గోగు ఒకే కుటుంబానికి, ఒకే ప్రజాతికి చెందినవి. నార కోసం సాగు చేయునవి హైబిస్కస్ సబ్డరిఫా, హైబిస్కస్ కన్నాబినస్ అను రెండు జాతులు. ఈ పంటపై ఆమదాలవలస వ్యవసాయ పరిశోధన స్థానంలో చిరకాలంగా పరిశోధనలు సాగుచున్నవి. వర్తక లోకంలో ఈ నారకు ‘బిమ్లి’ అను పేరు స్థిరపడినది. భీమునిపట్నం రేవునుంచి ఎగుమతి అగుటయే ఆ పేరుకు కారణం. ఈ పేరు కేంద్ర అమ్మకపు పన్ను చట్టం, 1956లోని 14వ విభాగంలో కూడ చోటుచేసుకున్నది. ఆ విభాగం జనపనారను నిర్వచించుచు మెస్టా లేక బిమ్లి అను పేరుగల నారను, జనుము నారను అందులో చేర్చినది. ఒక పన్ను చట్టంలో మన తీరగ్రామం పేరు కనిపించుట ముచ్చటైన విషయమే గాని, దాని ప్రయోజనం అంతకంటె ముఖ్యమైనది. ఈ జాబితాలోని వస్తువులు ‘ప్రకటిత వస్తువులు’. వాటిపై రాష్ట్రాలు 4 శాతానికి మించి అమ్మకపు పన్ను వేయరాదు. ఈ పరిమితి 2011లో 5 శాతానికి పెరిగినది. రాష్ట్రాలు తమ ఖజానా అవసరాన్ని బట్టి ముడినారపై ఇష్టమైనంత పన్ను వేయకుండ ఈ నిబంధన అడ్డుపడినది.

ఇంతకు పూర్వపు చరిత్రలో మరొక అంశం గమనింపదగినది. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో, 1916లో, బ్రిటిష్ ప్రభుత్వం జనపనారపై, నార వస్తువులపై ఎగుమతి సుంకం విధించినది. 1935 భారత ప్రభుత్వ చట్టం ఈ సుంకం రాబడిలో కనీసం సగాన్ని నార పండించు రాష్ట్రాలకు ఇవ్వవలెనని నిర్దేశించగా, 1936 నాటి నీమెయర్ నిర్ణయం ఆ వాటాను 62.5 శాతానికి పెంచినది. రాజ్యాంగంలోని 273వ అధికరణం ఈ వాటాకు బదులుగా సహాయక గ్రాంట్లను అస్సాం, బీహార్, ఒరిస్సా, పశ్చిమ బెంగాల్ రాష్ట్రాలకు కొంతకాలం పాటు కల్పించినది. బిమ్లి నార పండిన మదరాసు రాష్ట్రం పేరు ఆ జాబితాలో లేదు. అనగా మన ప్రాంతపు నార వస్తువులు సుంకం పరిధిలోనికి వచ్చినను, రాబడి పంపకంలో మన రాష్ట్రానికి చోటు దక్కలేదు.

పాత విధానంలో మిల్లుకు నిజమైన చిక్కు అంతర్రాష్ట్ర కొనుగోలులో ఉండినది. ఉత్తరాంధ్రలో గోగు విస్తీర్ణం తగ్గిన కొలది ఇక్కడి మిల్లులు పశ్చిమ బెంగాల్ నారపై ఆధారపడవలసి వచ్చినది. అక్కడినుంచి కొనునపుడు కేంద్ర అమ్మకపు పన్ను చెల్లించవలెను. దాని రేటు 4 శాతం నుంచి 2007 ఏప్రిల్‌లో 3 శాతానికి, 2008 జూన్‌లో 2 శాతానికి తగ్గినది. 2005 ఏప్రిల్ 1 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో విలువ ఆధారిత పన్ను (వ్యాట్) అమలులోనికి వచ్చిన తరువాత రాష్ట్రంలో కొన్న సరుకుపై కట్టిన పన్నును అమ్మకపు పన్నులో తగ్గించుకొను వీలు కలిగినది. కాని వేరే రాష్ట్రంలో కట్టిన కేంద్ర అమ్మకపు పన్నుకు ఆ వీలు లేదు. అది నేరుగా ఖర్చులో కలిసిపోయెడిది.

దీనిని ఒక ఊహాలెక్కతో చూడవచ్చును. 100 రూపాయల విలువగల సంచుల తయారీకి 60 రూపాయల నార అవసరమనుకొందము. 2 శాతం చొప్పున 1 రూపాయి 20 పైసలు ఎక్కడను తిరిగిరాని ఖర్చు. లాభం రెండు మూడు రూపాయలకు మించని వ్యాపారంలో ఇది చిన్న మొత్తం కాదు. నార పండు చోటనే ఉన్న హుగ్లీ తీరపు మిల్లుకు ఈ భారం లేదు. రవాణా ఖర్చు ఎటూ అదనమే. కావున నెల్లిమర్ల మిల్లు పోటీలో రెండడుగులు వెనుకనుంచి పరుగు మొదలుపెట్టినట్లయినది. స్థానికంగా గోగు సాగు నిలదొక్కుకొని ఉండిన ఈ లోటు చాలవరకు ఉండెడిది కాదు.

2017 జూలై 1న వస్తు సేవల పన్ను (జీఎస్టీ) అమలులోనికి రాగా ఈ చిత్రం మారినది. ముడి జనపనార, వడకని నార పూర్తిగా పన్ను మినహాయింపు పొందినవి. నూలు, గుడ్డ, వెయ్యి రూపాయలలోపు విలువగల సంచి 5 శాతం రేటులోనికి వచ్చినవి. 1983 చట్టం కింద నార ఉత్పత్తులపై వసూలగుచుండిన సెస్సు కూడ రద్దయినది. పై ఊహాలెక్కలో నారపై పన్ను ఇప్పుడు సున్న. మిల్లు కొను బ్యాచింగ్ నూనె, యంత్ర విడిభాగాలు మొదలగు వాటి విలువ 10 రూపాయలనుకొని, 18 శాతం చొప్పున 1 రూపాయి 80 పైసల పన్ను పడినదనుకొందము. సంచులపై వసూలు చేయు పన్ను 5 రూపాయలు. అందులోనుంచి 1.80 తగ్గించుకొని మిగిలిన 3.20 రూపాయలను మిల్లు నగదుగా ప్రభుత్వానికి చెల్లించవలెను. తిరిగిరాని 1.20 తొలగినది, కావున మిల్లు స్థితి మెరుగుపడినదని చెప్పవచ్చును.

అయితే నగదు ప్రవాహం వేరొక కథ. పన్ను బాధ్యత సంచుల సొమ్ము చేతికి వచ్చిన నాడు గాక, బిల్లు వేసిన నెలకే ఏర్పడును. మరుసటి నెల 20వ తేదీలోగా చెల్లించవలెను. ఆహారధాన్యాల సంచులకు ప్రధానమైన కొనుగోలుదారు ప్రభుత్వమే. చెల్లింపు రెండు నెలలు ఆలస్యమైన పక్షంలో మిల్లు తన జేబునుంచి పన్ను కట్టి, దానిపై వడ్డీ భరించవలసి వచ్చును. నిర్వహణ పెట్టుబడి తక్కువగా ఉన్న మిల్లులో ఈ ఒత్తిడి మొదట కనిపించునది నార బేళ్ల నిల్వలో, తరువాత షిఫ్టుల సంఖ్యలో. చివరకు కూలి రోజులు తగ్గును. లాకవుట్ అను మాట ఈ ప్రాంతపు కార్మిక కుటుంబాలకు కొత్తది కాదు. పొరుగున చిట్టివలస మిల్లు 2009లో మూతపడినది. ఆ మూసివేతకు పన్నును కారణంగా చూపుట సరికాదు. ముడిసరుకు కొరత, పాత యంత్రాలు, ప్లాస్టిక్ పోటీ, యాజమాన్య వివాదాలు ఈ పరిశ్రమను చాలకాలంగా పీడించుచున్నవి. బలహీనమైన సంస్థకు చిన్న పన్ను మార్పు కూడ పెద్ద దెబ్బ కాగలదనుట మాత్రం నిజం.

జీఎస్టీ పరిధికి వెలుపల ఉన్న విద్యుత్తు ఇందుకు మంచి ఉదాహరణ. ఆంధ్రప్రదేశ్‌లో పరిశ్రమల, వాణిజ్య వినియోగదారుల విద్యుత్ సుంకం 2022 ఏప్రిల్‌లో యూనిట్‌కు 6 పైసల నుంచి ఒక రూపాయికి పెరిగినది. ఒక టన్ను సరుకు తయారీకి 500 యూనిట్లు ఖర్చగు మిల్లు ఉన్నదనుకొన్న, టన్నుకు 30 రూపాయలుగా ఉండిన భారం 500 రూపాయలగును. ఈ సుంకాన్ని ఏ పన్నులోనుంచి తగ్గించుకొను వీలు లేదు. పత్రికలలో జీఎస్టీ రేట్లపై జరుగు చర్చతో పోల్చిన ఇటువంటి మార్పులపై జరుగు చర్చ స్వల్పం. మిల్లు లెక్కల పుస్తకంలో మాత్రం దీని బరువే ఎక్కువ.

ఇక రైతు సంగతి. నారపై పన్ను లేదు, వ్యవసాయదారుడు తన పంట అమ్మకానికి జీఎస్టీలో నమోదు కానవసరం లేదు. కావున ఈ పన్నుతో రైతుకు సంబంధం లేదని విద్యార్థులు తరచుగా వ్రాయుదురు. ఇది సగం నిజమే. మినహాయింపు వేరు, సున్న రేటు వేరు. ఎగుమతిదారుకు వర్తించు సున్న రేటులో కొనుగోళ్లపై కట్టిన పన్ను వాపసు వచ్చును. మినహాయింపులో రాదు. గోగు రైతు ఎరువుపై 5 శాతం, రసాయన పురుగుమందుపై 18 శాతం పన్నును ధరలోనే చెల్లించుచున్నాడు. విత్తనంపై పన్ను లేదు. 2025 సెప్టెంబరు 22 నుంచి ట్రాక్టర్లపై, చేతి స్ప్రేయర్లపై రేటు 12 నుంచి 5 శాతానికి తగ్గినది. రైతు కట్టిన ఈ పన్ను అతని దగ్గరే ఆగిపోవును, దానిని కొనుగోలుదారుపై వేయు శక్తి అతనికి లేదు. ముడినారకు కేంద్రం ప్రకటించు కనీస మద్దతు ధర 2024–25లో క్వింటాలుకు 5,335 రూపాయలు, 2025–26లో 5,650 రూపాయలు. ఇది జనపనారలో టీడీ–3 శ్రేణికి ప్రకటించిన ధర. ఊర చెరువులో నీరు చాలక, నాసిగా ఊరిన గోగునారకు వర్తకుడు ఇచ్చునది వేరు. గోగు సాగులో కూలి ఖర్చే అధికం, దానిపై జీఎస్టీ లేదు. అందువలన మొక్కజొన్న వంటి పోటీ పంటతో పోల్చిన గోగుపై దాగిన పన్ను తక్కువ. అయినను రైతు గోగును విడిచి మొక్కజొన్న వైపు మళ్లినాడు. నార ఊరవేయుటలోని శ్రమ, నీటి కొరత, ధరల అనిశ్చితి అతని నిర్ణయంలో పన్నుకంటె బలంగా పనిచేసినవి.

ప్లాస్టిక్ సంచి పోటీని కూడ ఇదే దృష్టితో చూడవలెను. పాలీప్రొపిలీన్ నేత సంచులపై జీఎస్టీ 2020 జనవరి 1 నుంచి 18 శాతానికి పెరిగినది. గోనె సంచిపై 5 శాతమే గదా, 13 శాతం తేడా గోనెకు రక్షణ కాదా అని ప్రశ్న రావచ్చును. అది కొనువాడు ఎవరన్న దానిపై ఆధారపడి ఉన్నది. సిమెంటు కర్మాగారం సంచిపై కట్టిన పన్నును తన సిమెంటు పన్నులో తగ్గించుకొనును, కావున దానికి 5 అయినను 18 అయినను ఒకటే. పన్నులేని ధాన్యం నింపువానికి మాత్రం సంచి పన్ను ఖర్చుగా మిగులును. అక్కడ కూడ, ప్లాస్టిక్ సంచి 20 రూపాయలు, గోనె సంచి 60 రూపాయలనుకొన్న, పన్ను చేర్చిన తరువాత అవి 23.60, 63 రూపాయలగును. తేడా ఇంకను 39 రూపాయల పైమాటే. గోనె సంచిని నిలబెట్టినది ఈ రేటు తేడా గాక, ఆహారధాన్యాలకు, కొంతమేర పంచదారకు నార సంచులనే వాడవలెనను 1987 నాటి నిర్బంధ వినియోగ చట్టం. ఆ చట్టం కింద ఏటేటా ప్రకటించు శాతాలలో సడలింపు వచ్చిన నాడు జీఎస్టీ రేటు తగ్గింపు మిల్లును కాపాడలేదని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

దిగుమతి వైపు, బంగ్లాదేశ్, నేపాల్ దేశాల నార నూలు, గుడ్డ, సంచులపై 2017 జనవరిలో టన్నుకు 6.30 నుంచి 351.72 డాలర్ల వరకు యాంటీ డంపింగ్ సుంకం విధించబడినది. 2022 డిసెంబరులో అది మరల పొడిగించబడినది. ముడినార ఈ సుంకం పరిధిలో లేదు. అనగా రక్షణ మిల్లుకు నేరుగాను, రైతుకు మిల్లు ద్వారాను అందవలెను. మిల్లు స్థానిక నార కొనని చోట రైతుకు అందునది ఏమియు లేదు.

పన్ను రేటు వ్యాపారి ప్రవర్తనను ఎట్లు మార్చునో తెలుసుకొనుటకు బియ్యం బస్తాకంటె మంచి పాఠం లేదు. 2022 జూలై 18 నుంచి 25 కిలోల వరకు ముందుగా ప్యాక్ చేసి లేబుల్ అంటించిన బియ్యంపై 5 శాతం జీఎస్టీ వచ్చినది. అంతకు మించిన బస్తాకు పన్ను లేదు. త్వరలోనే తెలుగు రాష్ట్రాల అంగళ్లలో 26 కిలోల బస్తా కనిపించసాగినది! ఒక్క కిలో చేర్చి పన్నును తప్పించుట చట్టవిరుద్ధం కాదు. కాని 26 కిలోల బస్తా అమ్మువాడు బియ్యంపై పన్ను వసూలు చేయడు గనుక, సంచిపై కట్టిన పన్నును తగ్గించుకొనలేడు. ప్లాస్టిక్ సంచిపై 18 శాతం అతని ఖర్చులో చేరును. బియ్యం విలువతో పోల్చిన అది స్వల్పం గనుక అతడు దానిని లెక్కచేయడు.

నార చేతిసంచులు కుట్టు స్వయం సహాయక సంఘాల విషయం విస్తరణ కార్యకర్తలు ప్రత్యేకంగా తెలుసుకొనదగినది. జనపనార చేతిసంచులపై, షాపింగ్ సంచులపై రేటు 2025 సెప్టెంబరు 22 నుంచి 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గినది. ఆంధ్రప్రదేశ్‌లో ఏడాది అమ్మకాలు 40 లక్షల రూపాయలు దాటనంతవరకు, రాష్ట్రంలోపలనే సరుకు అమ్ము సంఘానికి సాధారణంగా నమోదు అవసరం లేదు. నమోదు లేని సంఘానికి ఈ తగ్గింపు వలన నేరుగా ఒరుగునది లేదు. పైగా నమోదైన పెద్ద పోటీదారు సంచి ధర తగ్గును. సంస్థలు, కార్యాలయాలు పెద్ద మొత్తంలో సంచులు కొనునపుడు పన్ను బిల్లు కోరును. బిల్లు ఇవ్వలేని సంఘం ఆ ఆర్డరును కోల్పోవును. కాంపొజిషన్ పథకంలో చేరిన తయారీదారు అమ్మకాలపై 1 శాతమే కట్టును గాని, అతడు కూడ కొనుగోలుదారుకు పన్ను తగ్గింపునకు పనికివచ్చు బిల్లు ఇవ్వలేడు. కావున నమోదు మంచిదా కాదా అను ప్రశ్నకు జవాబు సంఘం సరుకు ఎవరు కొనుచున్నారన్న దానిని బట్టి మారును. సంతలో, తీర్థంలో విడిగా అమ్ము సంఘానికి ఒక సమాధానం, కార్యాలయాలకు వందల సంచులు సరఫరా చేయు సంఘానికి మరొకటి.

గోగు సాగు ఖర్చుపై సర్వే చేయు విద్యార్థులు ప్రశ్నావళిలో ఎరువు, మందు, పనిముట్ల ధరలను పన్ను విడిగా చూపు బిల్లుల నుంచి నమోదు చేయవలెను. నార ఎవరికి అమ్మినారు, ఆ కొనుగోలుదారు దానిని ఏ మిల్లుకు చేర్చినాడు అను రెండు ప్రశ్నలు కూడ చేర్చిన, నెల్లిమర్ల పరిసరాలలో పన్ను భారం ఎవరి దగ్గర ఆగుచున్నదో గ్రామస్థాయి లెక్కలతో చూపవచ్చును.