లెక్కల ఫైలుకు వాసెన కడదాం

ఆవకాయ జాడీకి వాసెన కడతాం. ఎందుకు? తడి చెయ్యి పడకూడదని. కంప్యూటర్‌లో దాచిన లెక్కకు కూడా అలాంటి వాసెన ఉంది.

ఒక పొదుపు సంఘంలో 12 మంది ఉన్నారనుకుందాం. నెలకు తలా 200 రూపాయలు కడతారు. మొత్తం 2,400 రూపాయలు. ఈ లెక్క కంప్యూటర్‌లో రాశారు. అలా రాసి దాచిన దాన్ని ఫైలు అంటారు.

పుస్తకంలో కొట్టివేస్తే ఆ గీత కనిపిస్తుంది. ఫైలులో అలా కనిపించదు. చెయ్యి తగిలి ఒక సున్నా పోయిందంటే 2,400 కాస్తా 240 అవుతుంది. చూసుకోకుండా సేవ్ చేస్తే అదే నిలిచిపోతుంది.

మరి ఏం చెయ్యాలి?

ప్రతి ఫైలుకూ కొన్ని గుణాలుంటాయి. వాటిని ఆట్రిబ్యూట్స్ అంటారు. వాటిని మనమే మార్చుకోవచ్చు. విండోస్ కంప్యూటర్‌లో ఫైళ్లను చూపించే ప్రోగ్రాం పేరు ఫైల్ ఎక్స్‌ప్లోరర్. దాన్ని తెరిచి ఇలా చెయ్యండి.

1. లెక్కల ఫైలు మీద బాణం గుర్తు పెట్టి, మౌస్ కుడి బటన్ నొక్కండి.
2. వచ్చిన వరసలో ప్రాపర్టీస్ అన్న మాట నొక్కండి.
3. కింద ఆట్రిబ్యూట్స్ అన్నచోట రెండు చిన్న గడులుంటాయి. మొదటిది రీడ్ ఓన్లీ. అంటే చదవడానికి మాత్రమే. రెండోది హిడెన్. అంటే కనబడకుండా దాచినది.
4. మొదటి గడిలో టిక్కు పెట్టి, ఓకే నొక్కండి.

ఇక ఆ ఫైలును తెరిచి చదవొచ్చు. అంకె మార్చి అదే పేరుతో సేవ్ చెయ్యబోతే మాత్రం కంప్యూటర్ ఒప్పుకోదు. కొత్త లెక్క రాయాల్సి వస్తే టిక్కు తీసి రాయండి. రాశాక మళ్లీ పెట్టండి.

ఒక్క మాట గుర్తుంచుకోండి. వాసెన తాళం కాదు. మీరు పెట్టిన టిక్కును ఇంకొకరు తీసెయ్యవచ్చు. టిక్కు ఉన్నా ఫైలును చెరిపెయ్యవచ్చు కూడా. ఇది పొరపాటును ఆపుతుంది గాని మోసాన్ని ఆపదు. అందుకే ఫైలుకు ఒక నకలు తీసి పెన్‌డ్రైవ్‌లో వేరే చోట ఉంచాలి. నెలనెలా ఒక కాగితం మీద అచ్చు తీసి అందరూ సంతకాలు పెట్టాలి.

రెండో గడి సంగతేమిటి? హిడెన్ అని టిక్కు పెడితే ఫైలు కంటికి కనిపించదు. కాని అది పోలేదు, అక్కడే ఉంది. కొన్ని వైరస్‌లు పెన్‌డ్రైవ్‌లోని ఫైళ్లను ఇలాగే దాచేస్తాయి. ఖాళీగా కనిపించిందని కంగారుపడి ఫార్మాట్ చేయించకండి. ఫార్మాట్ అంటే అంతా తుడిచెయ్యడమే. ముందు ఎక్స్‌ప్లోరర్ పైభాగంలో వ్యూ నొక్కి, హిడెన్ ఐటమ్స్ అన్నదానికి టిక్కు పెట్టి చూడండి. అప్పటికీ కనిపించకపోతే పని తెలిసినవారికి చూపించండి.

లెక్క రాసేది ఒక్కరే కావచ్చు. డబ్బు మాత్రం అందరిదీ. మీ సంఘం లెక్క ఏ ఫైలులో ఉంది? దానికి నకలు ఉందా? ఈసారి సమావేశంలో అడగండి.