వంద ఆంపియర్ల అదుపు

హనుమంతునిపాడు, కనిగిరి, మార్కాపురం వైపు మెట్టనేలల్లో ఇనుముకు విశ్రాంతి లేదు. రాళ్లు తగిలి గొర్రు కాళ్లు వంగుతాయి, ట్రాక్టరు ట్రక్కు అడుగురేకు చిరుగుతుంది, గేటు మడతబందు ఊడుతుంది. అన్నీ చేరేది వెల్డింగ్ షాపుకే. అక్కడి బరువైన మిషను మీద ఒక చేతిపిడి ఉంటుంది. తిప్పితే స్కేలు మీద ముల్లు జరిగి, ఎన్ని ఆంపియర్లో చూపిస్తుంది. విద్యుత్తుతో మెరుపు పుట్టించడం మనిషి 19వ శతాబ్దం మొదట్లోనే నేర్చుకున్నాడు. ఆ మెరుపును ఇలా పిడితో అదుపు చేయడానికి మరో వందేళ్లకు పైగా పట్టింది.

1802లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో వాసిలీ పెత్రోవ్ పెద్ద బ్యాటరీ కట్టి, రెండు బొగ్గు ముక్కల మధ్య ఎడతెగని వెలుగు, అంటే ఆర్క్, రప్పించాడు. ఆ వేడికి లోహాలు కరగడం గమనించాడు. 1881లో నికొలాయ్ బెనార్డోస్ బొగ్గు కడ్డీతో లోహాన్ని అతికించాడు. 1888లో నికొలాయ్ స్లావ్యానోవ్ బొగ్గు తీసేసి లోహపు కడ్డీనే పెట్టాడు. ఆర్క్ రప్పించే కడ్డీయే కరిగి అతుకులో చేరింది. కానీ కరిగిన ఇనుము గాలిలోని ఆక్సిజన్‌నూ నైట్రోజన్‌నూ పీల్చుకుని పెళుసయ్యేది. స్వీడన్ ఇంజనీరు ఆస్కార్ షెల్‌బర్గ్ కడ్డీకి ఖనిజాల పూత పూసి దీనికి విరుగుడు కనిపెట్టాడు. ఈసాబ్ కంపెనీని 1904లో స్థాపించింది ఆయనే. పూత కాలి పొగ కమ్ముతుంది, స్లాగు పేరుకుంటుంది. రెండూ కలిసి వేడి ఇనుమును గాలి తగలకుండా కాపాడతాయి.

ఇక మిగిలింది కరెంటు అదుపు. తీగలో కరెంటు పెంచాలంటే వోల్టేజి పెంచాలి. ఆర్క్ అలా కాదు. కరెంటు పెరిగేకొద్దీ అందులోని వాయువు ఇంకా బాగా వాహకమవుతుంది. వోల్టేజి మారని సరఫరాకు నేరుగా కలిపితే కరెంటు పట్టు తప్పుతుంది. అందుకే మొదట్లో మధ్యలో రెసిస్టెన్సు పెట్టేవారు. విద్యుత్తులో చాలా భాగం అక్కడే వేడిగా పోయేది.

ట్రాన్స్‌ఫార్మర్ మిషను ఆ వృథాను చాలావరకు తప్పించింది. లోపల రెండు చుట్టల మధ్య జరిగే ఇనుప దిమ్మ ఉంటుంది. పిడి తిప్పితే కదిలేది అదే. దిమ్మ లోపలికి వస్తే అయస్కాంత బలరేఖలు కొన్ని రెండో చుట్టకు చేరకుండా దానిగుండా మళ్లిపోతాయి. కంభం చెరువు కాలువకు దారిలో తూము తెరిస్తే దిగువ పొలానికి నీరు తగ్గినట్టే, రాడ్డుకు, అంటే కడ్డీకి, కరెంటు తగ్గుతుంది. దిమ్మ వెనక్కి జరిగితే పెరుగుతుంది.

ఈ అమరికలో ఇంకో మేలుంది. ఆర్క్ లేనప్పుడు మిషను 70, 80 వోల్టులిస్తుంది. ఆర్క్ రాగానే అది 20, 28 మధ్యకు దిగుతుంది. చెయ్యి వణికి ఆర్క్ కాస్త పొడవైనా కరెంటు పెద్దగా మారదు. రాడ్డు ఇనుముకు తగిలినా హద్దు దాటదు. మనిషి చేతి వణుకును మిషను ఓర్చుకుంటుంది. అతుకు నిలకడగా రావడం అందువల్లే.

సెట్టింగు రాడ్డును బట్టి మొదలవుతుంది. మామూలు మైల్డ్ స్టీలు రాడ్డయితే 12 నంబరుకు, అంటే 2.5 మి.మీ.కు, సుమారు 60 నుంచి 90 ఆంపియర్లు. 10 నంబరుకు, 3.15 మి.మీ.కు, 90 నుంచి 130. 8 నంబరుకు, 4 మి.మీ.కు, 140 నుంచి 180. పలచటి గొట్టానికి తక్కువ, మందపు యాంగ్లరుకు ఎక్కువ. నిలువు అతుకుకు, తలపై అతుకుకు కాస్త తగ్గించాలి, లేకపోతే కరిగిన ఇనుము జారిపోతుంది. తక్కువైతే రాడ్డు అంటుకుంటుంది, ఇనుము పైన గుట్టగా నిలుస్తుంది, లోపల అతకదు. ఎక్కువైతే నిప్పురవ్వలు చిమ్ముతాయి, అంచులు కోసుకుపోతాయి, రేకుకు బొక్క పడుతుంది.

పల్లెలో ఇంకో లెక్కుంది. మోటార్లన్నీ ఒక్కసారి ఆడినప్పుడు లైన్లో వోల్టేజి పడుతుంది. సరఫరా పది శాతం పడితే మిషనిచ్చే 70 వోల్టులు 63కు దిగుతాయి. ఆర్క్ పట్టుకోవడం కష్టమవుతుంది, ముల్లు చూపినంత కరెంటు రాదు. పొడవాటి, సన్నటి కేబుల్ వేసినా నష్టమే. అందుకే పని తెలిసినవాళ్లు తుక్కు ముక్క మీద ఒక గీత లాగి, చిటపట వినీ గీత వెడల్పు చూసీ పిడి సరిచేస్తారు.

ఇప్పుడు ఇన్వర్టర్ మిషన్లొచ్చాయి. ట్రాన్సిస్టర్లు కరెంటును సెకనుకు వేలసార్లు తెరిచి మూస్తాయి. అంత వేగంలో చిన్న ట్రాన్స్‌ఫార్మరే చాలు. మిషనును ఒక చేత్తో మోయవచ్చు. రాడ్డు అంటుకోబోతే ఆ క్షణానికి కరెంటును అదే పెంచే మిషన్లూ ఉన్నాయి. అయినా ఎదుట ఉన్న ఇనుము మందమెంతో, తుప్పెంతో వాటికి తెలియదు. ఆ నిర్ణయం ఇంకా మనిషిదే.

షాపుల్లో నేర్చుకునే పిల్లలకు నల్లద్దం లేకుండా ఆర్క్ చూడొద్దని మొదట చెప్పాలి. దాంతోపాటు ఈ లెక్క కూడా చెప్పాలి. రాడ్డు నంబరు, ఇనుము మందం, అతుకు దిశ, ముల్లు నిలిచిన చోటు ఒక పుస్తకంలో రాసుకోమనాలి. మేస్త్రీ చేతిలోని నేర్పు అప్పుడే తరువాతివాళ్లకు చదువుగా అందుతుంది.