532 అంటే శ్రీకాకుళమేనా?

రాజాం పిన్‌కోడ్ 532127. ఊరు మాత్రం 2022 ఏప్రిల్ 4న శ్రీకాకుళం జిల్లా నుంచి విజయనగరం జిల్లాలోకి మారింది. జిల్లా మారినా పిన్‌కోడ్ మారలేదు, మారనక్కర్లేదు కూడా. అందులోని మొదటి మూడంకెలు ఉత్తరాల బట్వాడా కోసం తపాలా శాఖ పెట్టుకున్న గుర్తులు. మన కలెక్టరాఫీసు ఎక్కడుందో వాటికి పట్టదు.

డిగ్రీ పిల్లలకు వెబ్ పేజీలు రాయడం నేర్పుతుంటాను. మా కుర్రాడొకడు స్కాలర్‌షిప్ దరఖాస్తు నమూనా తయారుచేశాడు. పిన్‌కోడ్ కొట్టగానే జిల్లా పేరు దానంతటదే పడాలని వాడి ముచ్చట. 532తో మొదలైతే శ్రీకాకుళం, 535తో మొదలైతే విజయనగరం అని రెండు షరతులు రాసి, రాజాంలోని తన ఇంటి పిన్‌కోడే కొట్టి చూసుకున్నాడు.

“మేష్టారూ, మనం ఇజీనారం జిల్లా గదా, ఇదేటి సికాకులం అని వత్తంది?”

“అది నువ్వు చెప్పిందే చేసిందిరా. నువ్వడిగిన ప్రశ్నలోనే ఉంది తిరకాసు.”

పాలకొండ పిన్‌కోడ్ 532440. అది ఇప్పుడు పార్వతీపురం మన్యం జిల్లా. అంటే ఒక్క 532 కిందే మూడు జిల్లాల ఊళ్లున్నాయి. ఇక షరతులు ఎన్ని పేర్చినా లాభం ఏముంది?

వెబ్ పేజీలకు వాడే జావాస్క్రిప్ట్ భాషలో షరతు రాసే పద్ధతులు ముఖ్యంగా రెండు. ఇఫ్, ఎల్స్ జంట హద్దులు చూడటానికి పనికొస్తుంది: మార్కులు 75 దాటాయా, 60 దాటాయా, 35 వచ్చాయా అని. ఇక్కడ వరస ముఖ్యం. 35 ప్రశ్న ముందు పెడితే 90 వచ్చిన పిల్లా అక్కడే ‘పాస్’ అనిపించుకుని ఆగిపోతుంది, డిస్టింక్షన్ దాకా పోదు. రెండోది స్విచ్. ఖాయమైన నాలుగైదు పేర్లలో ఒకటి ఎంచడానికి అది సుళువు. కానీ ఒక్కో కేస్ చివర బ్రేక్ పెట్టకపోతే జావాస్క్రిప్ట్ కింది కేస్‌లోకి జారిపోతుంది. శ్రీకాకుళం ఎంచుకున్నవాడు విజయనగరం మీదుగా మన్యం చేరతాడు! మరో వెబ్ భాష పీహెచ్‌పీలోనూ ఇదే తంతు. 2020లో వచ్చిన పీహెచ్‌పీ 8లో మ్యాచ్ అనే కొత్త పద్ధతి పెట్టి ఈ జారుడు లేకుండా చేశారు.

విలువలు దాచుకునే వేరియబుల్స్ సంగతి ఇంకా చిత్రం. దరఖాస్తు గడిలో కొట్టిన అంకె పేజీకి అంకెగా అందదు, అక్షరాలుగా అందుతుంది. వయసు గడిలో 9 కొట్టినవాణ్ణి, అక్షరాలుగానే ఉంచిన 18తో పోల్చి చూడండి. 9 పెద్దదని జావాస్క్రిప్ట్ తీర్పిస్తుంది, మొదటి అక్షరం దగ్గరే 1 కన్నా 9 పెద్దది కనక. కాబట్టి వయసును ముందు సంఖ్యగా మార్చుకోవాలి. అలాగని అంకెలు కనబడ్డ ప్రతిదాన్నీ మార్చేయకూడదు. విజయనగరం ఎస్టీడీ కోడ్ 08922ను సంఖ్య చేస్తే ముందున్న సున్నా ఎగిరిపోతుంది. కూడికలు తీసివేతలు చేసేదైతే సంఖ్య, లేదంటే అక్షరాలే అని మా పిల్లలకు చెబుతాను.

బ్రెండన్ ఐక్ 1995లో జావాస్క్రిప్ట్ మొదటి రూపాన్ని పది రోజుల్లో తయారుచేశాడు. ఆ హడావుడి ఇప్పటికీ అక్కడక్కడా కనిపిస్తుంది. వార్ అనే పాత మాటతో అందరికీ అందేలా పెట్టిన వేరియబుల్ రచ్చబండ మీద వదిలేసిన కండువా లాంటిది, ఎవరు భుజాన వేసుకుపోతారో తెలీదు. 2015లో దాని బదులు లెట్, కాన్‌స్ట్ అనే మాటలు వచ్చాయి. మారనిదానికి కాన్‌స్ట్, మారేదానికి లెట్. వార్ ఇక వద్దే వద్దు. షరతులో ఒక్క ఈక్వల్ గుర్తే పెట్టి ‘జిల్లా ఈక్వల్ విజయనగరం’ అని రాస్తే అది పోల్చడం కాదు, అంటగట్టడం. శ్రీకాకుళం జిల్లా ఇచ్ఛాపురం వాడు కూడా విజయనగరం జిల్లావాడైపోతాడు. మూడు ఈక్వల్స్ పెట్టండి.

మా కుర్రాడి పేజీకి చివరికి కుదిరింది ఇఫ్ కాదు, స్విచ్ కాదు. మండలం ఎదురుగా జిల్లా పేరున్న ఒక పట్టిక. 2022లో రాజాం, వంగర, సంతకవిటి, రేగిడి ఆమదాలవలస మండలాలు విజయనగరంలో కలిశాయి. పట్టిక ఉన్నచోట వాటి కోసం మార్చాల్సింది నాలుగు వరసలే. జిల్లా పేర్లను షరతుల్లో ఇరికించినచోట పేజీలన్నీ వెతుక్కోవాలి. 1950లో శ్రీకాకుళం, 1979లో విజయనగరం, 2022లో మన్యం. మన వైపు జిల్లా గీతలు మారడం కొత్తేమీ కాదు.

దరఖాస్తు పేజీలు రాసే తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ ఒక మనవి: పిన్‌కోడ్ చూసి జిల్లాను ఊహించకండి, మండలం ఏదో అడగండి.