వాడిన నీటికి, కాల్చిన నూనెకు ఒక చిట్టా

మీలో పలువురు పనిమీద హైదరాబాదు పోయినపుడు చార్మినారు చూచియే యుందురు. 1591లో మహమ్మద్ కులీ కుతుబ్ షా కట్టించిన ఆ కట్టడమునకు ఉత్తరముగా ఒక మైలు లోపే మూసీనది కలదు. పాతబస్తీ ఇండ్లలో బట్టలుతికిన నీరు, గిన్నెలు తోమిన నీరు ఆ పల్లమునకే చేరును. శుద్ధి కేంద్రములు నెలకొల్పబడినవి గాని, నగరము దిగువన నది రంగు చూచినవారికి వేరుగ చెప్పనక్కరలేదు.

ఆ నీటిలో నత్రజని, భాస్వరము ఉండుటచే పైరు ఏపుగ పెరుగును. కాని దానిలోని లవణములు నేలలో పేరుకొని వరి దిగుబడి తగ్గగా, దిగువ గ్రామముల రైతులు పలువురు వరి మాని పారాగడ్డి పెంచి, పట్నపు పాడిపశువులకు అమ్ముకొనసాగిరి. తమ ఇంటి తూము వలన ఎక్కడనో ఒక రైతు పైరు మార్చుకొనెనని పట్నవాసి ఎరుగడు. అతనికి బిల్లు వచ్చును గాని లెక్క రాదు.

మనకు మాత్రము వచ్చునా? ఎరువుల పద్దు, కూలి పద్దు వ్రాయుదుము. అదే పుస్తకమును వెనుక పుట నుండి తెరచి ఈ పద్దు కూడ వ్రాయుడు.

మొదట నీరు. 1908 వరద పిమ్మట కట్టిన ఉస్మాన్ సాగర్ (1920), హిమాయత్ సాగర్ (1927) చార్మినారు ప్రాంతమునకు ఒకప్పుడు చాలెను. నేడు కృష్ణా, గోదావరి జలములను వంద కిలోమీటర్లకు పైబడి పంపులతో ఎత్తి నగరమునకు తెచ్చుచున్నారు. కనుక అచ్చటి ప్రతి బిందె వెనుక కరెంటు ఖర్చు కూడ కలదు. మీ బోరు సంగతియు అంతే. రోజుకు ఎన్ని బక్కెట్లు వాడిరో ఏడు దినములు గీతలు గీయుడు. కారు కుళాయి క్రింద రాత్రి ఒక బిందె పెట్టి, తెల్లవారి కొలిచి చూడుడు.

తరువాత కరెంటు. మన దేశములో ఒక యూనిట్టుకు సుమారు 700 గ్రాముల బొగ్గుపులుసు వాయువు గాలిలో కలియును. 5 అశ్వశక్తుల మోటారు గంటకు 4 యూనిట్లకు పైనే త్రాగును. అనగా 3 కిలోల వాయువు. తెలంగాణలో వ్యవసాయమునకు కరెంటు ఉచితము. బిల్లు రానిది లెక్కకు రాదని తోచుట సహజమే. అందుచే మోటారు నడచిన గంటలు వ్రాయుడు.

డీజిలు లీటరుకు సుమారు 2.7 కిలోలు. కిలో కూడ తూగని నూనె నుండి ఇంత బరువెట్లని కొందరు ఆక్షేపింతురు. నూనెలోని కర్బనము మండునపుడు గాలిలోని ప్రాణవాయువుతో కూడుటచే బరువు పెరుగును. 14.2 కిలోల వంటగ్యాసు బండకు ఇట్లే 42 కిలోలు వేసికొనుడు.

చేలో గడ్డి కాల్చినచో ఆ తేదీ, ఎన్ని ఎకరములో తప్పక వ్రాయుడు. టన్ను వరిగడ్డితో 5 కిలోలకు పైగా నత్రజని, సుమారు 25 కిలోల పొటాషు ఉండును. నత్రజని చాలవరకు పొగతో పోవును. ఈ పద్దు ఎరువుల పద్దు ప్రక్కనే ఉండవలెను.

గ్రామాధికారులు తమ ఇంటి చిట్టాను ముందుగా వ్రాసి రైతులకు చూపినచో మాట చెల్లును. పోల్చునపుడు ఒక్క జాగ్రత్త: వేసవి నెలను వానకాలపు నెలతో పోల్చకుడు, నిరుటి అదే నెలతో పోల్చుడు.