మల్లెమొగ్గ

మధ్యాహ్నము కోసిన మల్లెమొగ్గను ఆఘ్రాణించినచో వాసన అంతంతమాత్రమే. సంధ్యవేళకు అదే మొగ్గ జడలో విచ్చి ఇల్లెల్ల గుబాళించును. తీగను వీడిన పిమ్మటను అది పరిమళమును సృష్టించుకొనుచునే యుండును. గులాబివలె నీట మరిగించినచో పూవు ప్రాణము పోవును, ఆ సృష్టియు ఆగును. కనుకనే ఫ్రాన్సులోని గ్రాస్ పట్టణమువారు పూర్వము గాజుపలకలపై కొవ్వు పూసి, మల్లెకు చుట్టమైన జాజిపూలను దానిపై పరచి, అవి విడుచు వాసనను కొవ్వుచే పీల్పించెడివారు.

ఈ చుట్టరికము శాస్త్రజ్ఞులకు సయితము వెంటనే తేలలేదు. 1753లో లిన్నేయస్ మల్లెను పారిజాతముతో జతపరచెను. 1789లో ఐటన్ దానిని జాజుల ప్రజాతిలో చేర్చెను.

మల్లె తావిలో బెంజైల్ ఎసిటేట్, లినలూల్ ముఖ్యములు. వానితో ఇండోల్ అనునదియు కొంత కలదు. అదే ఇండోల్ మలమునందును ఉన్నదన్నచో పూలు ముడుచుకొనువారు నమ్మరు! చిక్కగా నున్నచో అది దుర్గంధము. పూవునందువలె స్వల్పముగా నున్నప్పుడు పరిమళమునకు నిండుదనము నొసగును.