ఉప్పునీటి తొట్టెలో నాచు: గుర్తింపు, అదుపు

1984లో మధ్యధరా సముద్రమున, మొనాకో నగరపు సముద్రశాస్త్ర ప్రదర్శనశాలకు దిగువను, సుమారు ఒక చదరపు మీటరు మేర పచ్చని నాచు కనిపించినది. అది ఆ సముద్రమునకు చెందినది కాదు. ఉష్ణమండల సముద్రములలో పెరిగెడి కాలెర్పా టాక్సిఫోలియా అను జాతి. 1989 నాటికి అది ఒక హెక్టారు నేలను కప్పివేసినది. నీస్ విశ్వవిద్యాలయమునకు చెందిన అలెగ్జాండర్ మీనెజ్ ఈ ప్రమాదమును గూర్చి హెచ్చరించెను. కాని సకాలమున చర్య జరుగలేదు. ఆ శతాబ్దము ముగియునప్పటికి నాచు వేలకొలది హెక్టార్లకు వ్యాపించినది. చేపల తొట్టెలలో అలంకారమునకై పెంచు రకమే సముద్రములోనికి చేరినదని 1998లో జన్యుపరీక్షలు చూపినవి.

తొట్టెలో అందముగా నుండిన మొక్క సముద్రములో ఇంత ఉపద్రవమును తెచ్చుట ఎట్లు సంభవించినది? ఈ ప్రశ్నకు సమాధానము తెలిసినచో తొట్టెలో నాచును అదుపుచేయు విధానము కూడ తెలియగలదు.

కంటికి స్పష్టముగా కనిపించు పెద్ద నాచులను స్థూలశైవలములందురు. వీనికి నిజమైన వేరు, కాండము, ఆకు లేవు. వేరువలె కనిపించునది చాలవరకు రాతిని పట్టుకొనుటకే ఉపయోగపడును. పోషక ద్రవ్యములను శరీరమంతటితోను నీటినుండి పీల్చుకొనును. కనుక నీరు ఎట్టిదో నాచు పెరుగుదల అట్టిదే.

తొట్టెలో చేపలకు వేసిన మేతలో కొంత మిగిలి క్రుళ్లును. తిన్న దానిలో కొంత వ్యర్థమై వెలువడును. దీనినుండి పుట్టిన అమ్మోనియాను సూక్ష్మజీవులు మొదట నైట్రైటుగను, పిదప నైట్రేటుగను మార్చును. మేతలోని భాస్వరము ఫాస్ఫేటుగా మిగులును. సముద్రములో ఇవి విస్తారమైన జలరాశిలో కలసి పలుచబడును. మొలచిన నాచును చేపలు, నత్తలు, సముద్రపు ముళ్లబంతులు మేసివేయును. తొట్టెలో జలరాశియు లేదు, మేయు ప్రాణులును తక్కువ. పైగా దీపకాంతి దినమునకు ఎన్నో గంటలు లభించును. సాధారణముగా రాళ్లతోపాటు కంటికి కనిపించని తునకగా వచ్చిన నాచునకు ఇంతకంటె అనుకూలమైన చోటు లేదు.

అదుపుచేయుటకు ముందు గుర్తింపు అవసరము. కాలెర్పాకు రాతిపై ప్రాకెడి తీగ, దానినుండి పైకి లేచు రెమ్మలు ఉండును. రెమ్మలు కొన్ని జాతులలో ఈకలవలెను, కొన్నింటిలో ద్రాక్షగుత్తులవలెను ఉండును. ఆశ్చర్యమేమన, ఇంత పెద్ద మొక్కయు ఒకే జీవకణము! లోపల అడ్డుగోడలు లేవు. కేంద్రకములు మాత్రము అనేకము. తెగిన ముక్క గాయమును మూసికొని క్రొత్త మొక్కగా పెరుగగలదు. సముద్రములో దాని వ్యాప్తికి ఇదియే ముఖ్య కారణము.

వలోనియా పచ్చని గాజుపూసవలె మెరయును. ఒక్కొక్క పూస ఒక్కొక్క జీవకణము. బ్రయాప్సిస్ చిన్న ఈకల గుంపువలె ఉండును. భూతద్దముతో చూచినచో నడిమి ఈనెకు ఇరుప్రక్కల సన్నని పోగులు కనిపించును. డెర్బీసియా వెంట్రుకలవలె నుండును. ఆ ప్రక్కపోగులు దానికి ఉండవు. డిక్టియోటా గోధుమవన్నె పట్టీవలె నుండి, కొనలయందు రెండుగా చీలుచుండును. ఎఱ్ఱగా జిగురుపొరవలె నేలను కప్పి, వేలితో తాకగానే పొరగా లేచివచ్చునది స్థూలశైవలము కాదు. అది నీలిహరిత బాక్టీరియా.

అదుపు చేయుటలో మొదటి పని చేతితో తీసివేయుట. కాలెర్పాను తీగతో సహా పెకలించవలెను. వలోనియా పూసలను చిట్లనీయక రాతినుండి ఊడదీయవలెను. ఆ సమయమున ప్రక్కనే రబ్బరు గొట్టముతో నీటిని లాగుచుండినచో తునకలు బయటకు పోవును.

రెండవ పని మేతను తగ్గించుట, నీటిని మార్చుట. ఇచ్చట ఒక చిక్కు కలదు. నాచు నిండిన తొట్టెలో నీటిని పరీక్షించినచో నైట్రేటు దాదాపు శూన్యముగా కనిపించవచ్చును. నీరు శుభ్రమని దీనికి అర్థము కాదు. వెలువడిన నత్రజనిని నాచు వెంటనే పీల్చుకొని తనలో దాచినది. కనుక నాచును చీకటిలో చంపి తొట్టెలోనే వదలివేసినచో ఆ పోషకములన్నియు తిరిగి నీటిలో చేరును. బయటకు తీసిన నాచే బయటకు పోయిన పోషకము. ఈ సూత్రముపైననే కొందరు ప్రక్కతొట్టెలో కీటోమార్ఫా అను చిక్కుదారమువంటి నాచును పెంచి, అప్పుడప్పుడు కోసి పారవేయుదురు.

మూడవది మేయు ప్రాణుల సహాయము. కుందేలుచేపలు, నత్తలు, ముళ్లబంతులు పలురకముల నాచును తినును. వలోనియాను తినెడి పచ్చని పీత యొకటి కలదు. కాని కాలెర్పా టాక్సిఫోలియాలోని ఒక విషపదార్థమువలన అనేక ప్రాణులు దానిని ముట్టవు.

కాలెర్పాతో మరియొక ప్రమాదము గలదు. ప్రత్యుత్పత్తి వేళ దాని లోపలి పదార్థమంతయు బీజకణములుగా మారి నీటిలోనికి వెలువడును. నీరు పచ్చగా కలుషితమగును. తెల్లని తొడుగు మాత్రము మిగులును. ఆ క్రుళ్లువలన ప్రాణవాయువు తగ్గి చేపలు చనిపోవచ్చును.

తీసిన నాచును ఏమి చేయవలెను? 2000 జూన్‌లో అమెరికాలోని కాలిఫోర్నియా తీరమున, అగువా హెడియోండా అను ఉప్పుటేరులో ఇదే కాలెర్పా బయటపడినది. ఈసారి ఆలస్యము చేయలేదు. నాచుపై నల్లని టార్పాలిన్లు కప్పి, లోపలికి క్లోరిన్ ఎక్కించిరి. 2006లో నిర్మూలన పూర్తియైనదని ప్రకటించిరి. ఇందుకు 70 లక్షల డాలర్లకు పైగా ఖర్చయినది. ఎవరో పారబోసిన తొట్టెనీటిలోని చిన్న తునకయే ఇంతటి వ్యయమునకు మూలము కావచ్చును.

విశాఖపట్నపు రాతితీరమున ఆటుపోటులో నీరు తగ్గినపుడు ఉల్వా, కాలెర్పా నాచులను విద్యార్థులు చూడవచ్చును. అచ్చట అలలు, మేయు ప్రాణులు వానిని హద్దులో నుంచుచున్నవి. ఆ హద్దులేని తొట్టెలో పెరిగిన నాచును కాలువలో గాని, సముద్రములో గాని వేయరాదు. ఎండలో పూర్తిగా ఎండబెట్టియో, గడ్డకట్టించియో, పిదప చెత్తలో వేయవలెను. తొట్టెను శుభ్రపరచుట అప్పటికి గాని పూర్తియైనట్లు కాదు.